ఇంటర్ తర్వాత సీఎన్‌సీ రంగం: నాలుగు నెలల కోర్సు సరిపోతుందా, ఐటీఐ నుంచే మొదలుపెట్టాలా?

కూకట్‌పల్లి అక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది సిద్దిపేట దగ్గరి పల్లె. పన్నెండేళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాం. మా తమ్ముడు ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేశాడు. ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు రాలేదు. అప్పు చేసైనా సరే యాజమాన్య కోటాలో బీటెక్ చేర్పిస్తానని నాన్న అంటున్నారు. తమ్ముడికి మాత్రం ఆ ఆలోచన ఏమాత్రం నచ్చడం లేదు. మా మేనమామ ప్రశాంత్‌నగర్‌లో చిన్న వర్క్‌షాపు నడుపుతారు. అందులో రెండు పాత లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీన్, ఒక సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే) టర్నింగ్ మెషీన్ ఉన్నాయి, ఎనిమిది మంది పనిచేస్తారు. పోయిన ఏడాది సెలవుల్లో రెండు నెలలు అక్కడికి వెళ్లి వచ్చినప్పటి నుంచి, తాను ఆ పనే నేర్చుకుంటానని తమ్ముడు పట్టుబడుతున్నాడు.

అమీర్‌పేటలో ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ వారు నాలుగు నెలల్లో సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, రోబోటిక్స్ కలిపి నేర్పిస్తామని, ఫీజు 85 వేలని, నూరు శాతం ఉద్యోగ హామీ ఉందని చెప్పారు. ఇంటర్ చదివినవాడు మళ్లీ పదో తరగతి అర్హతతో చేరే ఐటీఐకి వెళ్లడం వెనకడుగు అవుతుందని కూడా అన్నారు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఈ రంగం లోతుపాతులు నాకు తెలియవు. ఆ కోర్సు మొదటి ఉద్యోగానికి నిజంగా సరిపోతుందా, లేకపోతే ఐటీఐ, డిప్లొమా, అప్రెంటిస్‌షిప్‌లలో ఏది ముందు చేయడం మేలు, ఈ దారిలో వెళ్తే తర్వాత పై చదువుల తలుపులు మూసుకుపోతాయా అన్నవి నా సందేహాలు. ఈ పనిలో ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

బాలానగర్ టూల్‌రూమ్

అమ్మా, నేను 28 ఏళ్లుగా బాలానగర్ ప్రాంతంలోని టూల్‌రూమ్‌లలో, అంటే అచ్చులు, డైలు తయారుచేసే చోట్ల, పనిచేస్తున్నాను. ముందుగా ఆ నాలుగు నెలల కోర్సు సంగతి చూద్దాం. దాని పాఠ్యాంశాలు పక్కన పెట్టి గంటలు లెక్కపెట్టండి. నెలకు 25 రోజులు, రోజుకు రెండు గంటలు అనుకుంటే మొత్తం 200 గంటలు అవుతాయి. అందులో సగం తరగతి గదికి, కంప్యూటర్ మీద చేసే సిమ్యులేషన్‌కు పోతే మెషీన్ దగ్గర మిగిలేవి 100 గంటలు. ఒక బ్యాచ్‌లో 25 మంది ఉండి, మెషీన్ ఒక్కటే ఉంటే, మీ తమ్ముడి చేతికి ఆ మెషీన్ దక్కేది నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లోనే చక్‌ (మెషీన్ పట్టు)లో జాబ్ (కోయాల్సిన ముక్క) బిగించడం, టూల్ అమర్చడం, ఆఫ్‌సెట్ (టూల్ స్థానాన్ని సరిచేసే అంకె) తీసుకోవడం, మొదటి ముక్క కోసి కొలిచి సరిదిద్దడం అన్నీ రావాలి. ఎంత తెలివైన పిల్లవాడికైనా అది సాధ్యం కాదు.

సీఎన్‌సీ అంటే జీ కోడ్‌లు, ఎం కోడ్‌లు నేర్చుకోవడమేనని బయట చాలామంది అనుకుంటారు. ఆ కోడ్‌లు నిజానికి రెండు వారాల పని. జీ00 అంటే గాలిలో వేగంగా కదలడం, జీ01 అంటే సరళరేఖలో కోత, జీ02, జీ03 వంపులు, ఎం03 స్పిండిల్ (టూల్‌ను గానీ జాబ్‌ను గానీ తిప్పే ఇరుసు) తిప్పడం, ఎం08 కూలెంట్ వదలడం, ఎం30 ప్రోగ్రామ్ ముగించడం. ఇంటర్ లెక్కలు చదివిన పిల్లవాడికి ఇందులో కష్టమేమీ లేదు. కష్టమంతా ఆ కోడ్ పక్కన ఏ అంకె రాయాలన్న దాంట్లో ఉంటుంది. 10 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కార్బైడ్ ఎండ్‌మిల్ (మిల్లింగ్‌లో కోసే టూల్)తో మైల్డ్ స్టీల్‌ను నిమిషానికి 100 మీటర్ల కోత వేగంతో కోయాలంటే స్పిండిల్ నిమిషానికి దాదాపు 3,180 చుట్లు తిరగాలి. అదే సైజు ఎండ్‌మిల్ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్)ది అయితే 30 మీటర్ల దగ్గరే ఆగాలి, అంటే చుట్లు 950కి మించకూడదు. ఈ తేడా తెలియనివాడు సరైన కోడ్ రాసి కూడా టూల్‌ను కాల్చేస్తాడు. చిప్స్ రంగు చూసి, కోత చప్పుడు విని వేగం తగ్గించాలో పెంచాలో తెలుసుకోవడం పాత లేత్ మీద హ్యాండిల్ తిప్పినవాడికి తొందరగా వస్తుంది, ఎందుకంటే కోతలో ఉండే బిగువు అతని అరచేతికి తెలిసి ఉంటుంది.

మన బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. సీఐటీడీ అంటే ఈ పరిసరాల్లో ఎవరైనా చూపిస్తారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో కేంద్ర ప్రభుత్వం 1968లో దాన్ని స్థాపించింది. ఇప్పుడు అది కేంద్ర ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) మంత్రిత్వ శాఖ కింద నడుస్తోంది. అక్కడి టూల్, డై అండ్ మోల్డ్ మేకింగ్ డిప్లొమా పదో తరగతి అర్హతతో నాలుగేళ్లు ఉంటుంది. అది చదివిన పిల్లలకు టూల్‌రూమ్‌లలో ఉన్న గౌరవం నేను స్వయంగా చూస్తున్నదే. ప్రవేశ పరీక్ష, వయఃపరిమితి రెండూ ఉంటాయి కాబట్టి ఇంటర్ అయిపోయిన మీ తమ్ముడికి అర్హత ఉందో లేదో ఈ ఏడాది ప్రకటన చదివి నిర్ధారించుకోండి. ఒకవేళ ఆ అవకాశం దాటిపోయినా, అదే సంస్థ పనిలో ఉన్నవారి కోసం నడిపే స్వల్పకాలిక క్యాడ్, క్యామ్ (కంప్యూటర్‌తో డిజైన్, తయారీ) కోర్సులు ఉన్నాయి. నా సలహా ఏమిటంటే, అలాంటి కోర్సు పనిలోకి వెళ్లిన ఏడాది తర్వాత చేయాలి. అప్పుడు అందులో చెప్పే ప్రతి వాక్యానికీ మీ తమ్ముడి దగ్గర ఒక అనుభవం ఉంటుంది.

ఐటీఐ శిక్షకుడు

ప్రశ్న అడిగిన సోదరికి నమస్కారం. ఐటీఐ వెనకడుగు అన్న మాట మీకు చెప్పినవారు ఆ మాట ఎందుకు చెప్పారో నేను ఊహించగలను. కానీ ఆ మాట వల్ల ప్రతి ఏటా ఎందరో మంచి పిల్లలు మాకు దూరమవుతున్నారు కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, టూల్ అండ్ డై మేకర్ ట్రేడ్‌లు ఒక్కొక్కటి రెండేళ్లు. పదో తరగతి కనీస అర్హత మాత్రమే. మా తరగతుల్లో ఇంటర్ పూర్తి చేసినవారు, డిగ్రీ మధ్యలో ఆపేసి వచ్చినవారు కూడా ఉంటారు, వారికి త్రికోణమితి ముందే తెలిసి ఉండటం టేపర్ (ఒక చివరకు సన్నబడే ఆకారం) కోణాలు లెక్కించేటప్పుడు బాగా పనికివస్తుంది. ఫిట్టర్ ట్రేడ్‌లో మొదటి నెలల్లో మేము విద్యార్థి చేతికి ఆకురాయి ఇచ్చి ఇనుప ముక్కను చదును చేయమంటాం. ఈ కాలంలో ఇంకా ఫైలింగ్ ఏమిటని తల్లిదండ్రులు అడుగుతుంటారు. నాలుగు పక్కలూ ఒకదానికొకటి సరిగ్గా లంబంగా వచ్చేదాకా వారాల తరబడి రాకిన విద్యార్థికి, ట్రై స్క్వేర్ పెట్టి వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు సందులోంచి కనబడే సన్నని వెలుగు గీత అంటే ఏమిటో తెలుస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు ఎంత పెద్దదో అతని కళ్లకు అలవాటవుతుంది. ఆ తర్వాత అతడు ఏ మెషీన్ ముందు నిలబడినా, తెర మీద కనబడే దశాంశ స్థానాలు అతనికి ఉత్త అంకెల్లా కనిపించవు.

ఇక కొత్త పరికరాల విషయం. తెలంగాణలోని 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పథకం 2024లో మొదలైంది. దానికి శంకుస్థాపన హైదరాబాద్‌లో మల్లేపల్లి ఐటీఐలోనే జరిగింది. ఈ కేంద్రాల్లో అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్ టెక్నీషియన్ కోర్సు రెండేళ్లు, ఇండస్ట్రియల్ రోబోటిక్స్ అండ్ డిజిటల్ మాన్యుఫాక్చరింగ్ టెక్నీషియన్ కోర్సు ఒక ఏడాది. ప్రైవేటు సంస్థకు మీరు కట్టబోయే 85 వేలతో పోలిస్తే ప్రభుత్వ ఐటీఐలో ఫీజు చాలా తక్కువ. అయినా చేరే ముందు ఆ కేంద్రానికి స్వయంగా వెళ్లి చూడండి. మెషీన్లు వచ్చాయా, నడుస్తున్నాయా, వాటిని నేర్పే శిక్షకులు ఉన్నారా అని అక్కడి విద్యార్థులనే అడగండి. టూల్‌రూమ్ అన్నగారు చెప్పిన గంటల లెక్క మాకూ వర్తిస్తుంది. 20 మంది ఉన్న బ్యాచ్‌లో ఒక్క మెషీన్ మీద నాలుగు గంటల ప్రాక్టికల్ పెడితే మనిషికి 12 నిమిషాలే వస్తాయి. మాకూ ప్రైవేటు సంస్థకూ ఉన్న తేడా ఏమిటంటే, ఆ 12 నిమిషాలు రెండేళ్ల పాటు మళ్లీ మళ్లీ వస్తాయి, మిగతా సమయంలో లేత్, మిల్లింగ్, గ్రైండింగ్ మెషీన్ల మీద చేయి ఆడుతూనే ఉంటుంది.

పై చదువుల తలుపులు మూసుకుపోవు. ఐటీఐ పూర్తి చేసినవారు లేటరల్ ఎంట్రీ పద్ధతిలో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా చేతికి వచ్చాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బోధన మీద ఇష్టం కలిగితే విద్యానగర్‌లోని నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షకుల శిక్షణ తీసుకుని నాలాగా ఈ వృత్తిలోకి రావచ్చు.

జీడిమెట్ల షెడ్డు

నాకు జీడిమెట్లలో జాబ్ వర్క్ చేసే యూనిట్ ఉంది. మూడు వర్టికల్ మెషినింగ్ సెంటర్లు (సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్లు), రెండు టర్నింగ్ సెంటర్లు నడుపుతున్నాం. పనివాళ్లను తీసుకునే వైపు నుంచి ఒక మాట చెబుతాను. శిక్షకుడు గారితో ఒక విషయంలో నేను పూర్తిగా ఏకీభవించలేను.

కొన్నేళ్ల కిందట స్వల్పకాలిక కోర్సు చేసి వచ్చిన ఒక అబ్బాయిని ఆపరేటర్‌గా తీసుకున్నాను. సర్టిఫికెట్ బాగుంది, మాట బాగుంది, ప్రోగ్రామ్ రాయమంటే చకచకా రాశాడు. పని ఒత్తిడిలో ఉండి రెండో రోజే మెషీన్ అప్పగించాను. జీ43తో టూల్ పొడవు పిలిచేటప్పుడు పక్కన ఆ టూల్ పొడవును సూచిస్తూ ఉండాల్సిన హెచ్ నంబరు బదులు మరో టూల్ నంబరు వేశాడు. సింగిల్ బ్లాక్‌లో (ప్రోగ్రామ్‌ను ఒక్కో లైను చొప్పున) నడపకుండా, ర్యాపిడ్ వేగం తగ్గించకుండా మొదటి ముక్కకే సైకిల్ స్టార్ట్ నొక్కాడు. టూల్ నేరుగా వైస్ (ముక్కను బిగించే పట్టు)లోకి దిగింది. స్పిండిల్ బేరింగులు మార్చి మళ్లీ నడిపేసరికి 19 రోజులు పట్టింది. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టలేదు. మొదటి ముక్క ఎలా నడపాలో అతనికి ఎవరూ నిలబెట్టి చూపించలేదు, నేనూ చూపించలేదు. అప్పటి నుంచి మా దగ్గర ఎవరు చేరినా మొదటి మూడు నెలలు సెట్టర్ (మెషీన్‌ను పనికి సిద్ధం చేసే వ్యక్తి) పక్కనే నిలబడాలి, మొదటి ముక్క ఎప్పుడూ సింగిల్ బ్లాక్‌లోనే, టూల్ జాబ్‌కు 50 మిల్లీమీటర్ల దూరంలోకి రాగానే ఆపి, తెర మీద మిగిలిన దూరం ఎంత చూపిస్తోందో కంటితో సరిపోల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి.

ఉద్యోగానికి వచ్చినవాళ్లకు నేను పెట్టే పరీక్షలో ప్రోగ్రామింగ్ ఉండదు. ఒక డ్రాయింగ్, ఆ డ్రాయింగ్ ప్రకారం చేసిన ఒక ముక్క, వెర్నియర్, మైక్రోమీటర్, బోర్ గేజ్ బల్ల మీద పెట్టి, ఈ ముక్క సరిగ్గా ఉందా లేదా రాసివ్వమంటాను. 20 హెచ్7 (రంధ్రం కొలతలో ఎంత తేడా ఉండవచ్చో చెప్పే గుర్తు) అని డ్రాయింగ్ మీద ఉంటే ఆ రంధ్రం 20.000 నుంచి 20.021 దాకా ఉండవచ్చని తెలిసినవాడు, దాన్ని 0.02 లీస్ట్ కౌంట్ ఉన్న వెర్నియర్‌తో కొలవకూడదని తెలిసినవాడు నాకు కావాలి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడుగుతాను. టర్నింగ్‌లో బయటి వ్యాసం 0.04 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తోంది, ఏం చేస్తావు? ప్రోగ్రామ్ మారుస్తానని చెబితే ఇంకా నేర్చుకోవాలని అర్థం. ఆ టూల్ వేర్ ఆఫ్‌సెట్‌ (అరుగుదలను సరిచేసే అంకె)లో ఎక్స్ దగ్గర మైనస్ 0.04 వేస్తానని, అయితే ఈ మెషీన్ వ్యాసం లెక్కలో తీసుకుంటుందా, వ్యాసార్ధం లెక్కలోనా అని తిరిగి అడిగితే అతన్ని వెంటనే తీసుకుంటాను.

శిక్షకుడు గారితో నా విభేదం ఎక్కడంటే, ఈ అబ్బాయికి సొంత మేనమామ షెడ్డే ఉంది. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది, తర్వాత దాని నిబంధనలు చాలా మారాయి. 30 మంది, అంతకు మించి పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా తీసుకోవాలి. నలుగురు మొదలుకొని 29 మంది దాకా ఉన్న చోట ఇష్టమైతే తీసుకోవచ్చు. మేనమామ గారి దగ్గర ఎనిమిది మంది ఉన్నారు కాబట్టి ఆయన అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకుని ఈ అబ్బాయిని అప్రెంటిస్‌గా తీసుకోవచ్చు. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద కేంద్రం భరిస్తుంది. ఇంటర్ లెక్కలు వచ్చి, షెడ్డు అలవాటు ఉన్న పిల్లవాడికి రెండేళ్ల ఐటీఐ లేకుండానే ఇక్కడి నుంచి మొదలుపెట్టే దారి ఉందని నా అభిప్రాయం.

బాలానగర్ టూల్‌రూమ్

జీడిమెట్ల సోదరుడి మాటలో బలం ఉంది, నేను కూడా షెడ్డులోనే పెరిగినవాణ్ణి. అయితే మన ఊరి సంగతి మరచిపోకూడదు. హైదరాబాద్‌లో మెషీన్ పని చిన్న షెడ్డులతో పాటు రామచంద్రపురం బీహెచ్‌ఈఎల్, బాలానగర్ హెచ్‌ఏఎల్, ఈసీఐఎల్, బీడీఎల్, మిధాని, న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ లాంటి పెద్ద సంస్థల చుట్టూ అల్లుకుని ఉంది. ఇవి ఐటీఐ చదివినవారిని ట్రేడ్ అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. అక్కడ ఏడాది చేసి, పరీక్ష నెగ్గి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడికి ఉద్యోగం అక్కడే దొరక్కపోయినా, బయట ఎవరూ చిన్నచూపు చూడరు. మేనమామ షెడ్డులో నేర్చుకున్న పని ఎంత గొప్పదైనా, ట్రేడ్ సర్టిఫికెట్ లేకపోతే ఈ గేట్ల దగ్గర దరఖాస్తు కూడా తీసుకోరు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఆ కాగితం ఇప్పుడే సంపాదించుకోవడం సులువు. పెళ్లీ పిల్లలూ అయ్యాక వెనక్కి వచ్చి ఐటీఐలో కూర్చోలేక బాధపడిన మంచి పనివాళ్లను నేను చాలామందిని చూశాను. అందుకని నేనైతే రెండూ కలపమంటాను, వారమంతా ఐటీఐ, ఆదివారం మేనమామ షెడ్డు.

ఆదిభట్ల ఇన్‌స్పెక్షన్

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి ఆరేళ్లుగా ఆదిభట్ల వైపు విమాన భాగాలు తయారుచేసే కర్మాగారంలో తనిఖీ విభాగంలో ఉన్నాను. ఇప్పుడు సీఎంఎం, అంటే కో-ఆర్డినేట్ మెజరింగ్ మెషీన్ మీద పనిచేస్తున్నాను. పైన అందరూ కోత గురించి రాశారు కాబట్టి నేను కొలత గురించి, డ్రాయింగ్ గురించి రాస్తాను. ఆధునిక తయారీలో మొదటి ఉద్యోగం మెషీన్ మీదే దొరకాలని లేదు. తనిఖీ, డీబర్రింగ్ (కోత తర్వాత అంచున మిగిలే బర్, అంటే లోహపు ముళ్లు తీయడం), టూల్ ప్రీసెట్టింగ్ (టూల్ కొలతలు ముందే సరిచూసి పెట్టడం), మెయింటెనెన్స్ కూడా లోపలికి వెళ్లే ద్వారాలే. నేను చేరిన మొదటి ఐదు నెలలు భూతద్దం కింద అల్యూమినియం భాగాల అంచుల మీది బర్ తీశాను. అప్పట్లో ఏడుపు వచ్చేది. టూల్ ఎక్కడ అరిగితే బర్ ఎటు వైపు లేస్తుందో అక్కడే తెలిసింది, ఇప్పుడు ఒక ముక్క చూడగానే ఏ ఆపరేషన్‌లో తేడా జరిగిందో సెట్టర్‌కు చెప్పగలుగుతున్నాను.

మీ తమ్ముడు ఏ కోర్సులో చేరినా, ఈ రోజు నుంచే ఇంట్లో కూర్చుని మొదలుపెట్టగలిగింది డ్రాయింగ్ చదవడం. మన పాఠ్యపుస్తకాల్లో ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ నేర్పిస్తారు, అందులో పైనుంచి చూసిన రూపం కింద ఉంటుంది. అమెరికా కొనుగోలుదారుల నుంచి వచ్చే డ్రాయింగ్‌లు థర్డ్ యాంగిల్‌లో ఉంటాయి, వాటిలో అదే రూపం పైన ఉంటుంది. డ్రాయింగ్ మూలలో టైటిల్ బ్లాక్ దగ్గర ఉండే చిన్న శంకువు గుర్తు చూసి అది ఏ పద్ధతో తేల్చుకోవాలి. ఆ గుర్తు చూడకుండా పని మొదలుపెడితే ఎడమ చేతి భాగం బదులు కుడి చేతి భాగం తయారవుతుంది. కొలతలు కూడా చాలాసార్లు అంగుళాల్లో ఉంటాయి. వాడుకలో ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మిల్లీమీటర్లు. ఇంటర్ చదివిన అబ్బాయికి ఈ మార్పిడి నోటికి రావాలి.

మరో సంగతి, కొలత మీద వేడి ప్రభావం. ప్రపంచమంతటా పొడవు కొలతలకు ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. అల్యూమినియం ఒక మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి దాదాపు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది, ఉక్కు అందులో సగం. అంటే 100 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్కను 30 డిగ్రీల వేడిలో కొలిస్తే అది 23 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఏసీ గదిలోకి తెచ్చి చల్లారాక కొలిస్తే చిన్నదవుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో సరిగ్గా ఉందని పంపిన ముక్క మా దగ్గర తిరస్కరణకు గురయ్యేది ఇలాగే. అందుకే మా గదిలోకి వచ్చిన భాగాన్ని కొన్ని గంటలు అలాగే ఉంచి, ఆ తర్వాతే ముట్టుకుంటాం.

కష్టాలు కూడా చెప్పాలి. షిఫ్టులు ఉంటాయి, రాత్రి డ్యూటీ ఉంటుంది, కూకట్‌పల్లి నుంచి ఆదిభట్లకు కంపెనీ బస్సులో కూడా చాలా సమయం పడుతుంది. మొదటి రెండేళ్ల జీతం మీ నాన్నగారికి నచ్చకపోవచ్చు, ఆ వయసు స్నేహితుడు బైక్ మీద డెలివరీలు చేసి అంతకన్నా ఎక్కువే తెచ్చుకోవచ్చు. ఆపరేటర్ నుంచి సెట్టర్‌గా, సెట్టర్ నుంచి ప్రోగ్రామర్‌గా మారినప్పుడు జీతం చెప్పుకోదగినంతగా పెరుగుతుంది. ఆ మార్పు ఎప్పుడు వస్తుందన్నది మొదటి రెండేళ్లలో అబ్బాయి ఎంతమంది సెట్టర్ల పక్కన నిలబడి ఎన్ని ప్రశ్నలు అడిగాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

కూకట్‌పల్లి అక్క

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని తమ్ముణ్ణి తీసుకుని ముందు అమీర్‌పేట సంస్థకు వెళ్లాం. బ్యాచ్‌లో ఎంతమంది, మెషీన్లు ఎన్ని, ఒక్కొక్కరికి ఎన్ని గంటలు, ఎంత లోహం కోయనిస్తారు అని అడిగితే, ముందు ఫీజు కట్టండి, ఆ తర్వాత షెడ్యూలు ఇస్తామన్నారు. మెషీన్ చూపించమంటే అది వేరే చోట ఉందన్నారు. అక్కడితో ఆ సంగతి వదిలేశాం. మర్నాడు మల్లేపల్లి వెళ్లి చూసి, అక్కడి విద్యార్థులతో మాట్లాడి, అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్ టెక్నీషియన్ మొదటి ఎంపికగా, మెషినిస్ట్ రెండో ఎంపికగా ఐటీఐ దరఖాస్తు పెట్టాం. నాన్నకు పాలిటెక్నిక్ లేటరల్ ఎంట్రీ, ఆ తర్వాత ఈసెట్ గురించి కాగితం మీద గీసి చూపించాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ అప్పు కోసం మాట్లాడిన మనిషికి ప్రస్తుతానికి వద్దని ఫోన్ చేశారు.

సీటు వచ్చేదాకా ఖాళీగా ఉండకుండా తమ్ముడు మామయ్య షెడ్డుకు వెళ్తున్నాడు. మామయ్య వాడికి 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు పిన్నులు 20 ఇచ్చి, ప్రతిదాన్నీ మైక్రోమీటర్‌తో కొలిచి నోటుపుస్తకంలో రాయమన్నారు. పొద్దున రాసిన కొలతలకూ మధ్యాహ్నం రాసిన వాటికీ కొన్ని పిన్నుల్లో 0.01 తేడా వస్తోంది. ఆదిభట్ల మేడమ్ గారు రాసిన వేడి సంగతి చదివి, షెడ్డు పది డిగ్రీలు వేడెక్కింది కాబట్టి పిన్నులు పెరిగాయని తమ్ముడు అంటున్నాడు. అది నిజమేనా?

ఆదిభట్ల ఇన్‌స్పెక్షన్

మీ తమ్ముడు కారణం వెతకడం మొదలుపెట్టినందుకు చాలా సంతోషంగా ఉంది. అయితే ఆ కారణాన్ని ముందు లెక్కలో పెట్టి చూడమనండి. ఉక్కు మీటరుకు డిగ్రీకి దాదాపు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల పిన్ను పది డిగ్రీలకు పెరిగేది మూడు మైక్రాన్లు కూడా ఉండదు, అంటే 0.003 కన్నా తక్కువ. మైక్రోమీటర్ ఫ్రేము కూడా ఉక్కే, అదీ పిన్నుతో పాటే వేడెక్కుతుంది కాబట్టి కనిపించే తేడా ఇంకా తగ్గుతుంది. 0.01 తేడాకు వేడి ఒక్కటే కారణం కాలేదు.

నేను చూసే వరుస ఇది. మొదట మైక్రోమీటర్‌లో ముక్కను పట్టుకునే రెండు ముఖాల (యాన్విల్, స్పిండిల్) మధ్య శుభ్రమైన కాగితం పెట్టి మెల్లగా బిగించి లాగి తుడవాలి, నూనె పొర, చిన్న చిప్ ఉన్నా కొలత మారిపోతుంది. తర్వాత సున్నా సరిచూడాలి. 0 నుంచి 25 మైక్రోమీటర్ అయితే ముఖాలు రెండూ కలిపి, 25 నుంచి 50ది అయితే దానితో వచ్చే 25 మిల్లీమీటర్ల సెట్టింగ్ ముక్కతో చూడాలి. బిగించేటప్పుడు థింబుల్ (అంకెలున్న గొట్టం) పట్టుకుని తిప్పకుండా చివరనున్న రాచెట్‌నే తిప్పి, ప్రతిసారీ అన్నే క్లిక్‌లు వినాలి. మధ్యాహ్నానికి చేయి అలసి ఉంటే తెలియకుండానే బిగింపు మారుతుంది, కొత్తవారిలో నేను ఎక్కువగా చూసే తేడా ఇదే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తేడా వస్తే, పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట కొలిచి ఉంటాడు. టర్నింగ్ చేసిన పిన్ను ఒక చివరి నుంచి మరో చివరికి కొంచెం టేపర్‌గా ఉండవచ్చు, గుండ్రదనంలో లోపం ఉండవచ్చు. ప్రతి పిన్ను మీద మార్కర్‌తో మూడు చోట్ల గీతలు పెట్టి, ఒక్కో గీత దగ్గర ఒకసారి, 90 డిగ్రీలు తిప్పి మరోసారి కొలవమనండి. పిన్నుకు ఆరు కొలతలు, 20 పిన్నులకు 120. వాటిని పట్టికగా రాసి ఇక్కడ పెడితే, తేడా పిన్నులో ఉందో, మైక్రోమీటర్‌లో ఉందో, చేతిలో ఉందో మనమందరం కలిసి చూడవచ్చు.